గృహశోభ: జాజు గోడయు, గోధుమరంగు గదియు

దేవరకొండ ప్రాంతమునుండి ఒక సోదరి వ్రాసిన జాబు ఈ మాసము మా యెదుట నున్నది. వారు క్రొత్తగా సిమెంటుతో కట్టుకొన్న యింట ముందుగది యొకటి కలదు. దాని గోడలకు ముదురు గోధుమరంగు, అనగా బాగుగా వేచిన కాఫీగింజ రంగు, వేయింపవలెనని ఆమె కోరిక. హైదరాబాదులో స్నేహితురాలి యింట అట్టి గదిని ఒక రాత్రి చూచినదట. దీపములు వెలిగింపగా ఆ గోడలు పట్టువస్త్రమువలె కానవచ్చినవట. ఇంటికి వచ్చి, రంగుల మేస్త్రిని పిలిపించి, లోపలి తలుపున్న గోడకంతటికి మచ్చుగా ఆ రంగును పూయించినది. ఆ సాయంకాలమే అత్తగారు తన మంచమును గదిలోనుండి వసారాలోనికి వేయించుకొనిరి. కారణమడుగగా, “గిది మనుషులుండే అర్రనా, వడ్లు వోసే గుమ్మినా?” అనిరట. పదునైదు దినములుగా మంచము వసారాలోనే యున్నది. మా అత్తమ్మది పాతకాలపు పట్టుదలయా, నాది క్రొత్తకాలపు వ్యామోహమా, మీరే తీర్పు చెప్పుడని ఆ సోదరి మమ్ము కోరినది.

అత్తాకోడండ్ర నడుమ తీర్పు చెప్పుటకు ఈ పుట చాలదు. మా ధైర్యమును చాలదు. గోడల సంగతి మాత్రము మేము చెప్పదగినదే కనుక దానిని చెప్పుదుము.

ముదురు గోధుమరంగు గోడ పట్టణమునుండి మన పల్లెలకు దిగివచ్చిన వింత యని పెక్కుమంది తలచుచున్నారు. అది సరికాదు. నల్లగొండ, మహబూబునగరము సీమలు 2016 తరువాత పెక్కు జిల్లాలుగా విడిపోయినను వాని నేల విడిపోలేదు. అందధికభాగము ఎఱ్ఱ చెల్కలు. గుట్టల రాయి వేలకొలది యేండ్లు ఎండకు వానకు చితికి మన్నైనప్పుడు అందలి యినుము గాలి సోకి త్రుప్పు పట్టును. ఆ త్రుప్పే చెల్కకు వన్నె. తొలకరి వాన కురిసిన మరునాడు దున్నిన చెల్కను చూచినవారికి ఆ సోదరి కోరిన రంగు ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. జాజు కూడ ఆ జాతిదే, ఇనుపత్రుప్పు మెండుగా గల మన్ను. పసుపు వన్నె గల మన్నును కాల్చినచో ఎఱుపగును. మన్నులో మాంగనీసు కూడ కలిసియున్నచో వన్నె యింకను ముదిరి గోధుమరంగగును. నేడు అంగడిలో డబ్బాలలో దొరకు గోధుమరంగులలో పెక్కింటికి ఆధారము ఈ యినుపత్రుప్పే. కాకున్న అది కర్మాగారమున తయారైనది.

దసరాకు ముందును, సంక్రాంతికి ముందును, పెండ్లి కుదిరిన యింటను మన స్త్రీలు జాజును కుండలో నానబెట్టి, గుడ్డతో వడగట్టి, పాతచీర పేలికను ముంచి గోడల క్రిందిభాగమునకు పూయుచుండిరి. పైభాగమునకు సున్నము. రెంటి నడుమ సున్నముతో పెట్టిన చుక్కల వరుసయో, గీతలో, ఓపిక గల యింట ముగ్గో. గోడ మట్టిదైనచో ముందుగా ఎఱ్ఱమన్ను, పెండ కలిపి అలికి, అది ఆరిన పిమ్మట జాజు. పల్లెలలో కొన్నియిండ్లలో ఈ పని నేటికిని జరుగుచున్నది. కూలి లేని పని గావున ఇది ఏ లెక్కలోను చేరలేదు. మాకు జాబు వ్రాసిన సోదరి అత్తగారు కూడ తమ పాత మిద్దెయింట ఎన్ని దసరాలకు మోచేతులవరకు ఎఱ్ఱబడునట్లు జాజు పూసిరో! అట్టి యామె గోధుమరంగును చూచి బెదరినదన్న మాకు నమ్మకము కుదరలేదు. బెదరినది రంగునకు కాదు, మరి దేనికో యని తోచినది.

క్రింద ముదురు, పైన తెలుపు అను ఏర్పాటు ఊరక సొగసు కొరకు పుట్టినది కాదు. వానచినుకులు నేలనుండి ఎగసి తగులుట, పిల్లలు చేతులు తుడుచుట, దూడ వీపు రాచుకొనుట, చీపురు తాకుట, బిందె దించునప్పుడు నీళ్ళు చిమ్ముట ఇవన్నియు నడుమెత్తు లోపలనే జరుగును. అచ్చట కావలసినది మరకను మ్రింగు రంగు. అంతకు పైన కావలసినది వెలుతురు. మన పాతయిండ్ల గోడలు మందమైనవి, కిటికీలు చిన్నవి. కొన్ని మిద్దెలకు కప్పులో వదలిన కంతయే కిటికీ. అందుండి వచ్చు కొద్దిపాటి వెలుతురును పైనున్న సున్నము పట్టి గదినిండ పంచిపెట్టుచుండెను. పొయ్యి యున్న అర్ర మాత్రము కప్పువరకు గోధుమరంగే. అది పొగ చేసిన పుణ్యము, దానికి మేస్త్రికి కూలి యియ్యనక్కరలేదు.

ఈ యుపాయము మనకొక్కరికే తోచినదియు కాదు. ఆఫ్రికాఖండమున ఘానా దేశములో కుమాసి పట్టణ పరిసరములందు అసాంతే జాతివారు కట్టిన పాత మట్టి మందిరములు కలవు. యునెస్కో సంస్థ 1980లో వానిని ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చినది. వాని గోడలు క్రింద ఎఱ్ఱమన్నుతో నునుపు చేయబడి, పైన తెల్లగా నుండును. అచ్చటను ఆ నునుపుపని స్త్రీలదే. వారు మన జాజు నెరుగరు, మనము వారి మన్ను నెరుగము. అంత దూరమేల, మన బడులలో, ఆసుపత్రులలో గోడల క్రిందిభాగమునకు ముదురు రంగు, పైభాగమునకు లేతరంగు వేసియుండుట మనము నిత్యము చూచుచున్నదే గదా.

తరువాత మేము ఆ సోదరికి కొన్ని ప్రశ్నలు వ్రాసి పంపితిమి. గదికి కిటికీలెన్ని, అవి ఏ దిక్కున నున్నవి, పగటివేళ ఆ గదిలో ఎవ్వరుందురు, ఏమి పనులు చేసికొందురు అని. జవాబు వారములోపలనే వచ్చినది. కిటికీ యొక్కటే, తూర్పున. దాని కెదురుగా నాలుగడుగుల దూరమున పొరుగింటి గోడ లేచినది. పగలంతయు ఆ గదిలో నుండునది అత్తగారే. బియ్యము ఏరుట, వత్తులు చేయుట, మనుమరాలికి జడ వేయుట అక్కడనే. ఆమెకు కుడికంటి శుక్లము తీయించి రెండేండ్లైనది. ఎడమకంటికి ఇంకను తీయింపలేదు. జాబు అంచున ఇరికించి వ్రాసిన మాట యొకటి కలదు. గోడకు మచ్చురంగు వేసిన మధ్యాహ్నము అత్తగారు లోపలి గడప కానక తట్టుకొని, తలుపు పట్టుకొని నిలిచిరట. పడలేదు గనుక ఎవ్వరును దానిని పట్టించుకొనలేదు.

మాకు అసలు సంగతి అప్పుడు తెలిసినది. టేకు తలుపు, టేకు గడప, టేకువంటి గోడ, మూడును ఒక్కరంగు. పడుచుకన్నులకు అది పొందిక. శుక్లము పట్టిన కంటికి అది యొక్కటే చీకటి. గడప యెక్కడ మొదలో, గోడ యెక్కడ తుదియో తెలియలేదు. కన్ను కానరాకున్నదని చెప్పుకొనుట కంటె రంగు బాగుండలేదని చెప్పుట పెద్దలకు సులువు.

వెలుతురు లెక్క కొంచెము చెప్పుదుము. క్రొత్తగా వెల్లవేసిన గోడ తనపై పడిన వెలుతురులో నూటికి సుమారు 80 పాళ్ళు మరల గదిలోనికి త్రోయును. కాఫీగింజ రంగు గోడ పది పాళ్ళు త్రోసినచో గొప్ప. తక్కినదంతయు గోడయే మ్రింగును. ఇరువదియేండ్ల వయసువారి కంటి లోపలికి చేరు వెలుతురులో అరువదియేండ్లవారి కంటికి సుమారు మూడవ వంతే చేరును. కంటిపాప కుంచించుకొనిపోవుట, లోపలి కటకము పసుపుబారుట దానికి కారణములు. కాబట్టి కోడలు “కొంచెము చీకటి” యనుకొనునది అత్తగారికి మూడింతల చీకటి. పైగా ఆ సోదరి స్నేహితురాలి గదిని చూచినది రాత్రివేళ, అన్ని దీపములు వెలుగుచుండగా. గోధుమరంగు గదిని నిర్ణయించుకొనవలెనన్న పగలు, మబ్బు పట్టిన దినమున, దీపము వేయక చూడవలెను. ఫోనులో వచ్చు బొమ్మలు చూచి నిర్ణయించుకొనువారికి మేము చెప్పగలిగినదేమియు లేదు.

అట్లని ఆ సోదరి కోరికను కొట్టివేయుటకు మాకు మనసు రాలేదు. జాజు ఏర్పాటునే ఆమెకు సూచించితిమి. గోడ క్రిందిభాగమున నేలనుండి మూడున్నర అడుగులవరకు ఆమె కోరిన ముదురు గోధుమరంగు. అంతకు పైన కప్పువరకు తెలుపు, లేక పాలమీగడ రంగు. గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు అనుకొన్నచో తలుపు కిటికీలు తీసివేయక గోడలు 440 చదరపు అడుగులు. ఇట్లు చేసినచో గోధుమరంగు పడునది 154 అడుగులకే, అనగా మూడవ వంతుకు కొంచెమెక్కువ. రంగు ఖర్చును తగ్గును. ఒక గోడకంతటికి పైవరకు ఆ రంగే కావలెనన్న పట్టుదల గలవారు గోడను ఎంచుకొనుటలో జాగ్రత్త పడవలెను. కిటికీ యున్న గోడకు వేసినచో, చీకటి గోడ నడుమ వెలుగు కిటికీ కన్నులను చెదరగొట్టును. కిటికీకి ఎదుటి గోడకు వేసినచో గదికి వచ్చిన వెలుతురంతయు అక్కడనే మునిగిపోవును. ప్రక్కగోడ మేలు. తలుపు చుట్టును జానెడు వెడల్పున తెలుపు విడిచిపెట్టవలెను. గడపకు పసుపు పూయుట మన యిండ్లలో వారమువారము జరుగునదే; గోధుమరంగు ప్రక్కన ఆ పసుపు ఎంత దూరమునుండియైనను కనబడును. మంగళప్రదమని పూసినను కాలికి కూడ అది కావలి.

ఇక పూత సంగతి. మీ గోడ మట్టిదో, డంగు సున్నముతో కట్టినదో, సిమెంటుదో ముందు చూచుకొనుడు. మట్టి గోడయు, సున్నపు గోడయు లోని చెమ్మను గాలికి వదలుచుండును. అట్టి గోడకు నూనెరంగు పూసినచో చెమ్మ లోపలనే చిక్కి, రెండు వానకాలములలో రంగు బొబ్బలెక్కి పెచ్చులుగా ఊడును. రంగుతోపాటు మన్నును ఊడును. అట్టి గోడలకు సున్నము, జాజులే తగినవి. హుజూర్‌నగరు, మిర్యాలగూడ వైపుల సున్నపురాతికి కొదువలేదు. అచ్చటి సిమెంటు కర్మాగారములు కాల్చునది ఆ రాతినే. కాల్చిన సున్నమును నీట వేసినప్పుడు అది ఉడుకును గనుక పిల్లలను దూరముగా నుంచవలెను, కంట పడనీయరాదు. రెండుమూడు దినములు ఊరిన పిమ్మట పలుచని గుడ్డలో వడగట్టి పూసిన సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మరల రాయిగా మారును. దాని ఘాటునకు పెక్కు రంగులు విరిగిపోవును. జాజు మొదలగు మన్నురంగులు మాత్రము నిలుచును. అందుచేతనే మన పెద్దలు సున్నముతో కలపుటకు మన్నురంగునే పట్టుకొనిరి.

కాని యిచ్చట ఒక చిక్కు కలదు. సున్నములో రంగుమన్ను పదింట ఒక వంతునకు మించరాదు. మించినచో ఎండిన తరువాత చేతికంటును. ఆ పాలులో కలిపినది తడిగా నున్నప్పుడు బెల్లపు రంగున నుండి, ఎండిన తరువాత పాలెక్కువైన తేనీటివలె తేలిపోవును. కాబట్టి సున్నముతో కాఫీగింజ రంగు రాదు. ముదురు రంగే కావలెనన్న సున్నము కలపక, నానబెట్టి వడగట్టిన జాజులో తుమ్మజిగురు కరగిన నీరు పోసి, పలుచగా రెండు మూడు పూతలు పూయవలెను. అప్పటికిని ఒరగినవారి బట్టలకు కొంచెమంటును. ఏటేట పూయవలసినదే. ఆ శ్రమను నడుము నొప్పి గలవారు మీద వేసికొనవలదు.

మన సోదరి గోడ సిమెంటుది. క్రొత్త సిమెంటు పూత నెలకు పైగా ఆరవలెను; వానకాలమైనచో ఇంకను ఎక్కువ. ఆరకముందే రంగు వేసినచో లోని ఉప్పు తెల్లగా పైకి పూయును. తెల్లగోడపై అది యెవ్వరికిని కానరాదు. గోధుమరంగు గోడపై బూజు పట్టినట్లు కనబడును. ముదురు రంగు గోడయొక్క ప్రతి లోపమును చాటును. లప్పము సరిగా రుద్దని చోట్లు, గుంటలు, మేకు తీసిన కంతలు అన్నియు ప్రక్క వెలుతురులో తేలును. మెరుగు రంగైనచో మరింత. మెరుగు లేని రంగైనచో గుంటలు దాగును గాని చేయి తగిలిన చోట తెల్లని గీత పడును. నడుమెత్తువరకు వేయునప్పుడు తుడుచుకొన వీలగు కొద్దిపాటి మెరుగుదే మంచిది. తెల్లని ప్రైమరుపై ఏకముగా ముదురు రంగు వేసినచో మూడు పూతలకును తెలుపు తొంగిచూచును. ప్రైమరులోనే కొంచెము గోధుమరంగు కలిపి పూయుమని మేస్త్రికి చెప్పుడు. మిగిలిన రంగును డబ్బాలో మూతబిగించి దాచియుంచుడు. మరల కలిపించిన రంగు పాతదానితో కలియుట అరుదు.

పాతరంగును గీకించు యిండ్లవారికి ఒక హెచ్చరిక. పూర్వము రంగులలో, ముఖ్యముగా పసుపు, నారింజ, ఎఱుపు నూనెరంగులలో, సీసము విరివిగా నుండెడిది. ఇండ్లకు వాడు రంగులో పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళకు మించి సీసముండరాదని కేంద్రప్రభుత్వము 2016లో నియమములు చేసినది. అవి 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినవి. ఆ మాట డబ్బాపై వ్రాసియుండవలెను, చూచి కొనుడు. అంతకు పూర్వపు రంగును పొడిగా గీకినప్పుడు లేచు దుమ్ములో సీసముండవచ్చును. అది పసిపిల్లల మెదడునకును, గర్భిణులకును చేటు. గోడను తడిపి గీకించి, ఆ దుమ్మును ఊడ్వక తడిబట్టతో ఎత్తించి, పని ముగియువరకు వారిని వేరొక యింట నుంచుట మంచిది.

గోధుమరంగు గోడ ముందర ఏ వస్తువు నిలుచును? కొయ్య వస్తువులు నిలువవు. టేకు బీరువా గోడలో కరగిపోవును. పుట్టింటివారిచ్చిన పందిరిమంచమైనను అంతే. నిలుచునవి ఇత్తడి, తెల్లని నూలు, పచ్చని ఆకు. తోమిన ఇత్తడి బిందె నొకదానిని మూలనుంచినచో వేరే అలంకారమక్కరలేదు. వస్త్రములకు దూరము పోనేల? పుట్టపాక నేతగాండ్ర తేలియా రుమాలు 2020లో భౌగోళిక గుర్తింపు పొందినది. ఆముదపు కాయల బూడిదలోను, నూనెలోను ఊరవేసిన నూలుతో దానిని నేయుదురు. అందలి రంగులు మూడే: ఎఱుపు, నలుపు, తెలుపు. వానిలో తెలుపు కొద్దిగానే కనబడును గాని, ఆ తెలుపు లేనిదే తక్కిన రెండును కలిసి మసియగును. గోధుమరంగు గదికి తెల్లదుప్పటి చేయు పనియు అదే. నారాయణపేట పాత నూలుచీర అంచు చెడక మిగిలియున్నచో కిటికీ తెరగా కుట్టుకొనవచ్చును. కాని పగలు దానిని పూర్తిగా ప్రక్కకు లాగియుంచవలెను. దీపము నీలితెలుపుదైనచో గోధుమరంగు బూడిదవలె వెలవెలబోవును. అందుచేత ముదురు గోడ యున్న గదికి పసుపుపచ్చని వెలుగునిచ్చు బల్బులే తగినవి. అయితే పని చేసికొను చోట వేరుగా ఒక గట్టి దీపము కావలెను.

ఇంటి వెలుపలి గోడకు మాత్రము ఈ రంగు వలదని మా గట్టి మాట. మన సీమలో వేసవి యెండ ఎట్టిదో చెప్పనక్కరలేదు. ముదురు రంగు ఎండను త్రాగి రాత్రి గదిలోనికి కక్కును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించి, కప్పులకు ఎండను త్రోసివేయు పూతలు వేయుమని చెప్పినది ఇందుకే. కప్పుకు సున్నము కొట్టుచుండిన ముసలమ్మలకు ఇది క్రొత్త మాట కాదు.

ఈ పుట అచ్చునకు పోవుటకు ముందు ఆ సోదరి మూడవ జాబు వచ్చినది. అత్తగారిని కంటివైద్యునికి చూపిరట. రెండవకంటి శస్త్రచికిత్సకు తేదీ నిర్ణయించిరట. మచ్చురంగు వేసిన గోడ పైభాగమును తెలుపు చేయించిరి. క్రిందిభాగము ఎంత ఎత్తున నాపవలెనని మేస్త్రి అడిగినప్పుడు అత్తగారే లేచి, తాము గదిలో నడచునప్పుడు గోడకు చేయి ఆనించుకొను చోటును చూపి, దానికి నాలుగు వ్రేళ్ళు పైన గీత గీయుమనిరట. కొలిచి చూడగా అది నేలనుండి రెండు మూరల నాలుగు వ్రేళ్ళు. మేము వ్రాసిన మూడున్నర అడుగుల లెక్కను ఆ యింట ఎవ్వరును పాటింపలేదు. గీతపై సున్నపు చుక్కల వరుసను అత్తగారు చెప్పగా మనుమరాలు పెట్టినదట. చుక్కలు కొంచెము వంకరగా వచ్చినవట. మంచము మరల గదిలోనికి వచ్చినది.